గోల్ఫ్ కోర్సు గీయాలంటే ముందు గెడ్డ దారి చూడాలి

ఆషాఢంలో గట్టి వాన పడుతున్నప్పుడు పొలం గట్టు మీద నిలబడి, నీరు ఏ మడి నుంచి ఏ మడిలోకి దిగి చివరికి ఏ గెడ్డలో కలుస్తుందో చెప్పగలరా? చెప్పగలిగితే గోల్ఫ్ కోర్సు డిజైన్‌కు కావాల్సిన కన్ను మీకు సగం వచ్చేసినట్టే. మిగతా సగం చదువుతో, చేతిపనితో వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ వృత్తి గురించి అడిగే పిల్లలు తక్కువ. అడిగినవాళ్లకు ఇంజినీరింగ్ కాలేజీలోనూ ఆర్కిటెక్చర్ కాలేజీలోనూ సూటిగా జవాబు దొరకదు, ఎందుకంటే ఇది ఒక్క డిగ్రీతో చేతికొచ్చే పని కాదు. సర్వే, సాగునీరు, మట్టి, గడ్డి, ఆట, అనుమతులు అన్నీ ఒకే మనిషి తలలో కలవాలి.

ముందు కొలతలు. 18 హోల్స్ ఉన్న పూర్తి కోర్సుకు 120 నుంచి 180 ఎకరాలు పడుతుంది. ప్రతి హోల్‌కీ మొదటి దెబ్బ కొట్టే చోటు టీ, కత్తిరించిన గడ్డి దారి ఫెయిర్‌వే, బంతిని గుంటలో వేసే నున్నటి చోటు గ్రీన్. ఆ గుంట వ్యాసం ప్రపంచమంతటా 108 మిల్లీమీటర్లే. మంచి ఆటగాడు ఎన్ని దెబ్బల్లో ముగించాలన్న లెక్కే పార్. మామూలు పొందిక 4 పార్ 3లు, 10 పార్ 4లు, 4 పార్ 5లు, మొత్తం 72. ఇది రూలు కాదు. నేల ఒప్పుకోకపోతే పార్ 70కి దిగండి, 72 కోసం గుట్టను కోయకండి.

ఏం చదవాలి

దారులు మూడు. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాళ్లు నాటా లేదా జేఈఈ మెయిన్ ఆర్కిటెక్చర్ పేపర్ రాసి ఐదేళ్ల బీఆర్క్ చేసి, ఆపైన ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌లో పీజీ చేయవచ్చు. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. రెండోది సివిల్ ఇంజినీరింగ్. సర్వే, హైడ్రాలిక్స్, మట్టిపని లెక్క బాగా వచ్చినవాళ్లకు ఈ రంగంలో ఎప్పుడూ చోటుంటుంది. మూడోది ఎవరూ ఆలోచించనిది, బీఎస్సీ అగ్రికల్చర్. ఆమదాలవలస దగ్గర నైరలోనే వ్యవసాయ కళాశాల ఉంది. గడ్డి, మట్టి, తెగుళ్లు తెలిసిన డిజైనర్ గీసిన గ్రీన్ పదేళ్లు బతుకుతుంది. మూడింటిలో ఏది ఎంచుకున్నా మిగతా రెండూ విడిగా నేర్చుకోక తప్పదు. 20వ శతాబ్దంలో ఎక్కువ పేరు తెచ్చుకున్న డిజైనర్లలో ఒకరైన రాబర్ట్ ట్రెంట్ జోన్స్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ల్యాండ్‌స్కేప్, వ్యవసాయం, హైడ్రాలిక్స్, సర్వే పాఠాలను తనే ఏరుకుని సొంత పాఠ్యక్రమం అల్లుకున్నారు. పేరున్న మరో ఇద్దరు డిజైనర్లలో అలిస్టర్ మెకెంజీ వైద్యం చదివారు. పీట్ డై బీమా పాలసీలు అమ్మేవారు. కాబట్టి దారి తప్పిందని ఎవరూ బెంగపడనక్కర్లేదు.

విజిటింగ్ కార్డు విషయంలో ఒక జాగ్రత్త. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కానివారు ఆర్కిటెక్ట్ అని రాసుకోకూడదు. సివిల్ నుంచో వ్యవసాయం నుంచో వచ్చినవాళ్లు ‘గోల్ఫ్ కోర్సు డిజైనర్’ అని రాసుకోవాలి.

ఆట ఆడి తీరాలి. గొప్పగా ఆడనక్కర్లేదు గానీ, 150 గజాల దూరం నుంచి కొట్టిన బంతి గట్టి నేల మీద ఎంత దొర్లుతుందో, తడి నేలలో ఎక్కడ దిగబడుతుందో చేతికి తెలియాలి. మన రెండు జిల్లాలవాళ్లకు దగ్గరలో ఉన్నది విశాఖపట్నంలోని ఈస్ట్ పాయింట్ కోర్సు. ఆటగాడిగా వెళ్లలేకపోతే మైదానం పనిలో చేరండి. గడ్డి కోసేవాళ్లతో, నీళ్లు పెట్టేవాళ్లతో ఒక ఏడాది గడిపినవాళ్లకు తెలిసినంత డ్రాయింగ్ బల్ల దగ్గర మూడేళ్లు కూర్చున్నా తెలియదు. ఈ తరంలో పెద్ద పేరున్న టామ్ డోక్ చదువు కాగానే బ్రిటన్ కోర్సులు తిరుగుతూ సెయింట్ ఆండ్రూస్‌లో కేడీగా సంచులు మోశారు. తర్వాత పీట్ డై దగ్గర మట్టిపనిలో చేరారు.

ఇంటి దగ్గర చేయాల్సిన సాధన ఒకటుంది. చెరువు బంకమట్టి తెచ్చి చెక్క మీద 1:100 స్కేలులో గ్రీన్ నమూనా చేయండి. 25 మీటర్ల గ్రీన్ 25 సెంటీమీటర్లు అవుతుంది. కాస్త ఆరాక పైనుంచి చెంబుతో నీళ్లు సన్నగా పోయండి. ఎక్కడ నిలిచిందో అక్కడ రేపు గడ్డి కుళ్లుతుంది. ఒక్క వాలుగా పోయి ముందువైపే కారిపోతే ఆటగాళ్లు నడిచే చోటే బురద. నీరు కనీసం రెండు మూడు వైపులకు విడిపోయేదాకా మట్టి దిద్దండి. ఇలాంటివి 50 చేశాక కాగితం మీద కాంటూరు గీత (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) చూడగానే నీరు పారడం కనబడుతుంది.

నేలను చదవడం

మన దగ్గర నేల మూడు రకాలుగా ఎదురవుతుంది. కళింగపట్నం, బారువ వైపు తీరం ఇసుక, సరుగుడు, జీడి తోటలు. మధ్యలో చెరువుల కింద వరి పల్లం. లోపల ఎర్రనేల మెట్ట, గరువులు, రాతి గుట్టలు.

తీరం చూడగానే స్కాట్లండ్ తీరపు కోర్సులే గుర్తొస్తాయి. ఈ ఆట పెరిగిందే అలాంటి ఇసుక నేల మీద, నీరు ఇట్టే ఇంకుతుంది కాబట్టి. ఆశ పడేముందు తీర నియంత్రణ నిబంధనలు చదవండి. ఇసుక దిబ్బలు అత్యంత సున్నితమైన మొదటి వర్గంలోకి వస్తాయి. అందం కోసమో వినోదం కోసమో వాటిని చదును చేయడం, రూపు మార్చడం నిషిద్ధం. ఆ ఒడ్డున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. దిబ్బను దిబ్బగా వదిలి, అలల గీతకు దూరంగా సరుగుడు తోటల వెనక నేల దొరికితేనే గీత గీయండి.

వరి పల్లాన్ని, సోంపేట బీల లాంటి చిత్తడి నేలల్ని పూడ్చే ఆలోచనే పెట్టుకోవద్దు. ఏడాదిలో సగం రోజులు నీరుండే చోటును ఎంత ఎత్తు చేసినా పక్క ఊరు మునుగుతుంది, మీ ఫెయిర్‌వే కుంగుతుంది. సాగు పోగొట్టుకునే రైతు సంగతి సరేసరి. ఈ జిల్లాల్లో కోర్సుకు తగింది మెట్ట. నూటికి 3 నుంచి 8 వాలు, అక్కడక్కడ తాటిచెట్లు, ఒక చిన్న గెడ్డ ఉన్న మెట్ట దొరికితే వదలకండి.

కాగితాలు ముందు చూడండి. పొలం కొలతల పటం ఎఫ్ఎంబీ, 1-బీ, అడంగల్ తెచ్చి, వాగు పోరంబోకు, చెరువు గర్భం, డి-పట్టా, శ్మశానం, ఊరి దారి, మేత బీడు ఎక్కడెక్కడ ఉన్నాయో పటం మీద రంగులు వేయండి. ఊరివాళ్లు వందేళ్లుగా నడిచే దారికి అడ్డంగా హోల్ పెడితే కోర్సు ఉన్నన్నాళ్లూ గొడవే, పైగా బంతి ఎవరి తలకైనా తగిలే ప్రమాదం. దారిని అలాగే ఉంచి దాని చుట్టూ రూటింగ్, అంటే ఏ హోల్ తర్వాత ఏది ఎటు పోవాలో వరస కూర్చడం, చేయడమే సరైన పద్ధతి.

తర్వాత డ్రోన్ సర్వే. రూటింగ్‌కు 1:2000 పటం, అర మీటరు కాంటూర్లు చాలు. గ్రీన్ డ్రాయింగులకు 1:200 స్కేలు, 10 సెంటీమీటర్ల కాంటూర్లు కావాలి. జీడి తోటల కింద డ్రోన్ ఫోటోకి నేల కనబడదు. అక్కడ టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రంతో మనిషి నడవాల్సిందే. ఉచితంగా దొరికే 30 మీటర్ల ఉపగ్రహ ఎత్తుల డేటా ప్రాంతం తీరు తెలుసుకోవడానికే గానీ డిజైన్‌కు పనికిరాదు.

రూటింగ్

నీరు పోయే గీతలు, గుట్ట వెన్నులు మొదట పటం మీద గుర్తించాలి. ఆ తర్వాత సహజంగా గ్రీన్‌కు ఒప్పే చోట్లు వెతకాలి. చిన్న మిట్ట, వెనక కొంచెం ఎత్తు, చుట్టూ నీరు జారే వీలు ఉండాలి. అలాంటివి 25 గుర్తించి అందులో 18 కలపాలి. టీ ముందు పెట్టి గ్రీన్ ఎక్కడో ఒకచోట ఇరికించడం కొత్తవాళ్లు చేసే తప్పు.

మొదటి హోల్ తూర్పుకు, చివరిది పడమరకు పెట్టకండి. ఉదయం, సాయంత్రం ఎండ కళ్లల్లో పడితే బంతి కనబడదు. సాధన మైదానం ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. ఫెయిర్‌వే మధ్య గీత నుంచి సరిహద్దుకైనా, పక్క ఫెయిర్‌వే మధ్య గీతకైనా 60 మీటర్లకు తగ్గనివ్వకండి. కుడిచేతి ఆటగాళ్ల తప్పు దెబ్బ ఎక్కువగా కుడికే వంగుతుంది, కాబట్టి రోడ్డు, ఇళ్లు కుడివైపు ఉంటే ఇంకా వదలాలి. ఒక గ్రీన్ నుంచి తర్వాతి టీకి 70 మీటర్లకు మించి నడిపించకండి. మే నెల ఎండలో ఆ నడకే మనిషిని తోడేస్తుంది. మలుపున్న హోల్‌లో మలుపు టీకి 230 నుంచి 250 మీటర్ల దగ్గర రావాలి, పొడుగు కొట్టేవాళ్ల మొదటి దెబ్బ అక్కడ ఆగుతుంది.

గ్రీన్‌కు రోజుకు 8 గంటల ఎండ కావాలి. గరిక జాతి గడ్డి నీడను ఓర్వదు. చలికాలం సూర్యుడు దక్షిణంగా ఉంటాడు గనక గ్రీన్‌కు తూర్పు, దక్షిణ దిక్కుల్లో మామిడి, వేప దగ్గరగా ఉంచకండి. తాటిచెట్టు మాత్రం ఎక్కడున్నా కాపాడండి. నీడ పల్చన, తుపానుకు నిలుస్తుంది. 2018 తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి ఎలా నేలకొరిగాయో చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

నీళ్ల లెక్క

రెండు లెక్కలు ఉంటాయి, వచ్చే నీరు, పోయే నీరు. ఎకరం మీద 1 మిల్లీమీటరు నీరంటే సుమారు 4,050 లీటర్లు. మేలో గడ్డికి రోజుకు 5 మిల్లీమీటర్లు పెడితే ఎకరానికి 20,000 లీటర్లు. 60 ఎకరాల గడ్డికి రోజుకు 12 లక్షలు. ఎండాకాలం 100 రోజులకు సగటున రోజుకు 8 లక్షలు వేసుకున్నా 8 కోట్ల లీటర్లు, అంటే 80,000 ఘనపు మీటర్లు. 3 మీటర్ల లోతు చెరువులో ఆవిరికి 60 సెంటీమీటర్లు పోతుందనుకుంటే ఆ చెరువు 8 ఎకరాలు దాటాలి. ఈ లెక్క చూపిస్తే యజమాని నోరు తెరుస్తాడు. అప్పుడే చెప్పాలి, గడ్డిని 35 ఎకరాలకు కుదించి మిగతాది స్థానిక మెట్ట మొక్కలకు, మోటు గడ్డికి వదిలేద్దామని. ఊరి ఆయకట్టు చెరువు మీద, రైతుల బోర్ల మీద చెయ్యి వేసే డిజైన్ మంచి డిజైన్ కాదు.

బోరు నీటి లవణత కొలిపించండి. ఈసీ, అంటే ఉప్పును పట్టిచ్చే విద్యుత్ వాహకత, మీటరుకు 0.7 డెసీసీమెన్స్ లోపుంటే ఇబ్బంది లేదు. 3 దాటితే మామూలు గడ్డికి కష్టం, ఉప్పును ఓర్చే సీషోర్ పాస్పాలమ్ అనే గడ్డి వైపు చూడాలి.

పోయే నీటికి సివిల్ విద్యార్థులకు తెలిసిన సూత్రమే. వాన తీవ్రత గంటకు మిల్లీమీటర్లలో, విస్తీర్ణం హెక్టార్లలో, పడిన వానలో ఎంత భాగం పారుతుందో చెప్పే పారుదల గుణకం, మూడూ గుణించి 360తో భాగించాలి. 4 హెక్టార్ల నుంచి, గుణకం 0.4తో, గంటకు 60 మిల్లీమీటర్ల వానకు సెకనుకు 0.27 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. ఆ నీరంతా ఫెయిర్‌వే మీదుగా పోతే ఎర్రమట్టి గాడి పడుతుంది. పై అంచునే గడ్డి కాలువతో మళ్లించాలి. ఎర్రనేల ఫెయిర్‌వేకు నూటికి 3 వాలు, కనీసం 2 ఉండి తీరాలి. ఆటగాడికి అడ్డుగా పెట్టే ఇసుక గుంటలైన బంకర్లకూ ఇదే సూత్రం. పై అంచున మళ్లింపు లేకపోతే ఒక్క వానకే తెల్ల ఇసుక ఎర్రబారుతుంది, మళ్లీ తెల్లబడదు. బంకర్ అడుగున 10 నుంచి 15 సెంటీమీటర్లు, గోడల మీద 5 సెంటీమీటర్ల ఇసుక, కింద తప్పకుండా గొట్టం.

ఒక గ్రీన్ కట్టడం

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు, ఎక్కువ తప్పులు ఇక్కడే. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో తొలిసారి ప్రకటించిన పద్ధతి ఇప్పటికీ ప్రామాణికం. 500 చదరపు మీటర్ల గ్రీన్‌కు, అంటే పన్నెండు సెంట్లు పైచిలుకుకు, వరస ఇది.

అడుగు నేలను తుది మట్టానికి 40 సెంటీమీటర్ల కింద, పైన రాబోయే ఆకారంలోనే దిద్ది గట్టిపరచాలి. అడుగు చదునుగా, పైన ఒంపులుగా చేస్తే ఒకచోట ఇసుక 20, మరోచోట 45 సెంటీమీటర్లవుతుంది. గడ్డి ఒకచోట మాడి, మరోచోట కుళ్లుతుంది.

20 సెంటీమీటర్ల లోతు, 15 వెడల్పు కాలువలు తీయాలి. వాటి మధ్య దూరం 5 మీటర్లు మించకూడదు. అందులో 10 సెంటీమీటర్ల చిల్లుల గొట్టం, 10 మీటర్లకు 5 సెంటీమీటర్లకు తగ్గని వాలుతో వేయాలి. సుమారు 130 మీటర్ల గొట్టం పడుతుంది. గొట్టానికి జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టకండి. సన్నమట్టి దాన్ని మూసేస్తుంది.

పైన 10 సెంటీమీటర్ల కడిగిన చిప్స్. ఇక్కడ ఒక్క మాట వల్ల పని పాడవుతుంది. ఇంగ్లీషు స్పెసిఫికేషన్‌లో ‘గ్రావెల్’ అని ఉంటుంది. దాన్ని అలాగే టెండరులో రాస్తే మన దగ్గర టిప్పర్లు ఎర్ర గ్రావెల్ మట్టి తెచ్చి పోస్తాయి. ‘కడిగిన 6 ఎంఎం చిప్స్, క్రషర్ పొడి లేకుండా’ అని రాయండి. 12 ఎంఎం వాడితే ఇసుక సందుల్లోకి జారి గొట్టం చేరుతుంది. కాలువలతో కలిపి 20 యూనిట్లు చాలు (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు).

ఆపైన 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం. గింజల్లో కనీసం 60 శాతం 0.25 నుంచి 1 మిల్లీమీటరు మధ్య ఉండాలి. ఒండ్రు 5 శాతం, బంకమట్టి 3 శాతం మించకూడదు. మంచి మిశ్రమంలో నీరు గంటకు కనీసం 150 మిల్లీమీటర్లు ఇంకాలి. వంశధార, నాగావళి ఇసుక వాడవచ్చుగానీ వరద తర్వాత తీసిన ఇసుకలో ఒండ్రు ఎక్కువ. గాజు సీసాలో మూడో వంతు ఇసుక, మిగతా నీళ్లు పోసి ఊపి పెట్టండి. మరునాడు ఇసుక మీద మందంగా మెత్తటి పొర కనబడితే ఆ లోడు తిప్పి పంపండి. బాగుందనిపించిన ఇసుకనే ల్యాబుకు పంపాలి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు, గవ్వల సున్నం రెండూ తలనొప్పే. సేంద్రియం కోసం కొబ్బరి పొట్టు కలపవచ్చు, ఉప్పు పోయేదాకా మంచినీటితో కడిగాకే. ఎంత కలపాలన్నది ల్యాబు చెప్పాలి, సాధారణంగా పరిమాణంలో పదో వంతు దగ్గర మొదలుపెడతారు. అణగడానికి 15 శాతం కలుపుకుని మిశ్రమం 61 యూనిట్ల వరకు పడుతుంది. బయట కలిపి తేవాలి. గ్రీన్ మీదే పోసి రోటవేటర్ తిప్పితే పొరలు పొరలుగా మిగిలిపోతుంది.

ఈ పొరల కిటుకు ఏమిటంటే, సన్న ఇసుకలోని నీరు పూర్తిగా నిండేదాకా కింది ముతక చిప్స్‌లోకి దిగదు. అందుకే ఎండలో వేళ్లకు తేమ ఉంటుంది, తుపాను వానకు ఒక్కసారిగా వదిలేస్తుంది. మంచి ఉద్దేశంతో పశువుల పెంట తెచ్చి కలిపే మేస్త్రీలు ఉంటారు. వరిమడికి అది ప్రాణం, గ్రీన్‌కు మాత్రం రంధ్రాలు మూసే మట్టి, తుంగ గడ్డలు తెచ్చే దారి. ఒకసారి తుంగ దిగితే ఏళ్ల తరబడి పీకుతూనే ఉండాలి.

గుంట పెట్టే చోట్ల వాలు నూటికి 1 నుంచి 3 మధ్య ఉంచండి. అంతకు మించితే బంతి ఆగదు. అలాంటి చోట్లు గ్రీన్‌కు కనీసం ఐదారు ఉండాలి, ఒకేచోట తొక్కుడు పడితే గడ్డి చస్తుంది.

గడ్డి, క్యాలెండరు

వేడి దేశాల కోర్సుల మీద ఎక్కువగా ఉండే బెర్ముడా గడ్డి మన గరికే, వినాయకుడికి పెట్టే గరిక. గ్రీన్లకు, మంచి ఫెయిర్‌వేలకు వాడే టిఫ్ రకాల్లో చాలావరకు ఆ గరికకు ఆఫ్రికా గరికను కలిపి పుట్టించిన సంకరాలు. వాటికి విత్తనం పట్టదు, కాడలు ముక్కలు చేసి నాటాలి. తెంపిన కాడలు 24 గంటల్లో నేలలో పడాలి, గోనెపట్టా తడిపి కప్పి తేవాలి.

నాటే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ మూడూ అక్టోబరులోనే వచ్చాయి. సెప్టెంబరు చివరికి నేల పూర్తిగా కప్పుకుని ఉండాలి. కాడలు కప్పుకోవడానికి 8 నుంచి 12 వారాలు. అంటే జూన్ చివర, జూలై మొదట్లో నాటాలి. దానికి ముందు ఏప్రిల్, మేలలో గ్రీన్లు, గొట్టాలు, స్ప్రింక్లర్లు. డిసెంబరు నుంచి మార్చి దాకా పొక్లెయిన్లు, టిప్పర్లతో పెద్ద మట్టిపని. పైమట్టి 15 సెంటీమీటర్లు ముందే తీసి విడిగా కుప్పపోసి చివర్లో తిరిగి పరచాలి. ఇది మరచిపోయిన ఫెయిర్‌వే రెండేళ్లైనా పచ్చబడదు. యజమాని ఎంత తొందరపెట్టినా సెప్టెంబరులో నాటడానికి ఒప్పుకోకండి. నాటని నేలకు వట్టిగడ్డి కప్పి, గట్లు కట్టి, జనుము చల్లి ఆ ఏటికి ఆపడమే చవక.

బతుకుతెరువు

మొదటి ఐదారేళ్లు కొత్త కోర్సు చేతికి రాదు. అమెరికాలో కూడా 2006 తర్వాత చాలా ఏళ్లపాటు కొత్తగా తెరిచినవాటికన్నా మూతబడినవే ఎక్కువ. పని ఉన్నది పాత కోర్సుల మరమ్మతులో. గ్రీన్లు తిరగకట్టడం, బంకర్ల మురుగునీటి దారి, నీటిపారుదల మార్చడం. పెద్ద డిజైనర్ ఆఫీసులో డ్రాఫ్టింగ్‌కు చేరితే, సగం రోజులు సైటుకు పంపమని అడిగి చేరండి. మట్టిని ఒంపులు తిప్పే ఆపరేటర్‌ను ఈ రంగంలో షేపర్ అంటారు. అతని పక్కన నిలబడటమే అసలు బడి. ఆపరేటర్‌కు కాంటూర్ పటం చదవడం రాకపోతే కర్రలు పాతి రంగు దారాలతో మట్టాలు చూపించండి, లేదా మీ బంకమట్టి నమూనా చేతికివ్వండి. నమూనా చూశాక ఎవరైనా పని పట్టేస్తారు.

సొంతంగా పని తీసుకుంటే ఫీజును దశలుగా విడగొట్టండి. నేల పరిశీలన, రూటింగ్, వివర డ్రాయింగులు, సైటు రాకపోకలు. రూటింగ్ డబ్బు చేతికి రాకుండా రూటింగ్ పటం ఇవ్వకండి. మీ తెలివంతా ఆ ఒక్క కాగితంలో ఉంటుంది, దాన్ని పట్టుకుని వేరే కాంట్రాక్టరు కట్టేయగలడు. మట్టిపని నడిచేటప్పుడు రెండు వారాలకోసారి సైటుకు వెళ్లే ఖర్చు విడిగా రాయించుకోండి. అమెరికన్ సొసైటీ ఆఫ్ గోల్ఫ్ కోర్స్ ఆర్కిటెక్ట్స్, అలాగే యూరోపియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గోల్ఫ్ కోర్స్ ఆర్కిటెక్ట్స్, పూర్తయిన పనులు చూసే సభ్యత్వం ఇస్తాయి. అందుకని ప్రతి చిన్న పనికీ ముందు, మధ్య, తర్వాత ఫోటోలు, మట్టాల పట్టికలు దాచుకోండి.

పని అప్పగించే రోజున కట్టినట్టుగా గీసిన పటం ఒకటి ఇవ్వాలి. ప్రతి గొట్టం, ప్రతి మలుపు, ప్రతి వాల్వు ఏ స్థిర గుర్తు నుంచి ఎన్ని మీటర్లో, ఎంత లోతులో ఉందో అందులో ఉండాలి. మైదానం చూసుకునేవాళ్లకు తెలుగులో ఒక ప్రతి, లామినేషన్ చేయించి పంపుసెట్టు గదిలో గోడకు కొట్టించండి. నాలుగేళ్ల తర్వాత ఏడో గ్రీన్‌లో నీరు నిలిస్తే, ఆ పటం ఉన్నచోట ఒక్క మీటరు తవ్వి గొట్టం శుభ్రం చేస్తారు. లేనిచోట గ్రీన్ అంతా తవ్వుతారు.